ఇంటి సర్వరునకు డిస్కుల బలగము

1956లో ఐబీఎం సంస్థ రామాక్ అను గణకయంత్రముతో వెలువరించిన తొలి హార్డుడిస్కు, 24 అంగుళముల పళ్లెరములు 50 ఒక్క ఇరుసుపై త్రిప్పుచు, టన్నుకు పైబడిన గాత్రముతో, దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేత నిముడు డిస్కు 20 టెరాబైట్లను మోయుచున్నను, పెండ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, సినిమాలు సమస్తమును ఇంటి సర్వరులోనే యుంచదలచిన గృహస్థునకు స్థలము చాలుట లేదు.

మామూలు మదర్‌బోర్డునకు డిస్కులు తగిలించు సాటా పోర్టులు నాలుగో, ఆరో, మహా యున్న ఎనిమిదో యుండును. ఆపై డిస్కులు తగిలింపవలెనన్నచో, పూర్వము కార్యాలయ సర్వరులలో సేవచేసి పాతసామాను విపణికి చేరిన, డిస్కులను కంప్యూటరునకు కలుపు హెచ్‌బీఏ కార్డులే ఉత్తమోపాయము. వీనిలో ప్రసిద్ధమైన ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డునకు గల రెండు కనెక్టర్లలో ఒక్కొక్కటి, నాలుగు పాయలుగా చీలిన కేబులు ద్వారా నాలుగేసి డిస్కులను కలుపును. నడుమ పోర్టులను పెంచు ఎక్స్‌పాండరను పరికరమును నిలిపినచో ఆ సంఖ్య యింకను హెచ్చును. సర్వరు డిస్కుల కనెక్షనైన శాస్ జాతికి చెందిన యీ కార్డులు సాటా డిస్కులను ఆదరించును గాని, మదర్‌బోర్డుపై నుండు సాటా పోర్టు శాస్ డిస్కును దరిజేరనీయదు. చౌక యని శాస్ డిస్కులు కొనువారు ఈ భేదము నెరుగవలెను. జడ్‌ఎఫ్‌ఎస్ అను ఫైల్ సిస్టమును వాడదలచినవారు కార్డులోని, పలు డిస్కులను ఒక్కటిగా కూర్చు రెయిడ్ ఫర్మ్‌వేరును తొలగించి, డిస్కులను ఉన్నవి యున్నట్లు ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించు ఐటీ మోడ్‌ను ఎక్కించుకొనుట శ్రేయస్కరము.

పోర్టుల చింత ఇంతటితో తీరినను, అసలు చిక్కు విద్యుత్తుతో ఆరంభమగును. స్థిరవేగమున తిరుగు డిస్కు ఐదారు వాట్లతో తృప్తిపడును గాని, నిశ్చలస్థితి నుండి లేచి పళ్లెరములకు వేగము నిచ్చు ఆ కొన్ని సెకనులలో 12 వోల్టుల తీగనుండి సుమారు 2 ఆంపియర్లు గుంజుకొనును; కావున పన్నెండు డిస్కులు ఒక్కుమ్మడి మేల్కొన్నచో, దాదాపు 300 వాట్లు వానికే కావలయును. ఒకదాని వెనుక నొకటిగా వానిని లేపు వెసులుబాటు కొన్ని కార్డులకు కలదు. ఘనమైన పవర్ సప్లైనే కొని, అడాప్టర్ల వద్ద పొదుపు చూచువారిని జూచిన నాకు ఆశ్చర్యము కలుగును. మోలెక్స్‌ను సాటాగా మార్చు, ప్లాస్టిక్కు పోతపోసిన చౌక అడాప్టర్లు లోపల తీగలొరసుకొని కాలిపోయిన సందర్భములు లేకపోలేదు. సర్వరు గదుల పెనుగాలికై నిర్మింపబడిన హెచ్‌బీఏ కార్డునకును, అది వేడెక్కకుండ, మన పెట్టెలో చిన్న ఫ్యానొకటి ఎదురుగా నుండవలెను.

డిస్కులు పెరిగినకొలది వానిలో నొకటి చెడిపోవు అవకాశమును పెరుగును. 20 టెరాబైట్ల డిస్కు పోయినచో, సెకనుకు 250 మెగాబైట్ల వేగము ఎడతెగక సాగినను, కొత్తదానిని నింపుటకు 22 గంటలు పట్టును. ఆ కాలమంతయు మిగిలినవన్నియు అవిశ్రాంతముగా శ్రమింపవలసినదే గనుక, పెద్ద బలగమునకు రెండు పారిటీలు, అనగా రెండు డిస్కులు చెడినను సమాచారమును నిలుపు ఏర్పాటు, తప్పనిసరి.

అహోరాత్రములు తిరుగు ఒక్కొక్క డిస్కునకు ఏడాదికి సుమారు 50 యూనిట్ల కరెంటు ఖర్చగునని తలచినచో, ఎనిమిది పాత చిన్న డిస్కులను పోగుచేయుటకంటె రెండు పెద్దవి కొనుటయే మేలని నా తీర్పు. ఎన్ని డిస్కులున్నను, ఎన్ని పారిటీలున్నను, పొరపాటున తుడిచిన ఫైలును రెయిడ్ తిరిగి యీయజాలదు. పోయిన మరల దొరకని ఫొటోల ప్రతి నొకదానిని వేరొక యింట నుంచుడు.