మూసీ తీరమున మరుగుపడిన చిహ్నములు

హైదరాబాదు నగరమునకు వచ్చినవారిలో చార్మినారును చూడక మరలువారు అరుదు. పుస్తకముల అట్టలపైనను, మిఠాయి పెట్టెలపైనను దాని బొమ్మయే కనబడును. అయితే ఆ నాలుగు మీనారులకు నడిచిపోదగిన దూరములోనే నగరచరిత్రను అంతకంటె వివరముగ చెప్పగల చిహ్నములు కొన్ని కలవు. అవి అడవులలో దాగినవి కావు. నిత్యము వేలమంది వాని ప్రక్కనుండియే, ఒక్కొకచో వాని మీదుగనే పోవుచుందురు. దినదినము కంటబడుచుండుటచేతనే వానిని ఎవరును చూచుట లేదనవచ్చును.

వీనిలో మొదట చెప్పదగినది పురానాపూల్. పురానాపూల్ అనగా పాతవంతెన. పేరునకు తగినట్లు హైదరాబాదున మూసీనదిపై నున్న వంతెనలలో ఇదియే మిక్కిలి ప్రాచీనమైనది. 1578లో గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా దీనిని కట్టించెను. హైదరాబాదు నగరము పుట్టినది 1591లో. చార్మినారు నిర్మాణమును ఆ సంవత్సరముదే. కావున ఈ వంతెన తన నగరముకంటె 13 ఏండ్లు పెద్దది!

ఊరు లేకముందే వంతెన యేల? ఆ కాలమున గోలకొండ కోట జనముతో క్రిక్కిరిసి యుండెను. తూర్పుతీరమందలి మచిలీపట్టణపు రేవునకు సరకులు మోయు బండ్లకు నది దాటు మార్గము కావలసెను. మూసీకి వరద వచ్చినచో దినములకొలది బండ్లు గట్టుననే ఆగిపోవును గదా! వంతెన దారి చూపెను. పిమ్మట ఆ దారివెంట నగరము వచ్చి నిలిచెను.

ఈ వంతెనకు ఒక ప్రణయకథను ముడిపెట్టుట కలదు. యువరాజు మహమ్మద్ కులీ పొంగుచున్న నదిలోనికి గుఱ్ఱమును దూకించి, ఆవలి గ్రామమందలి భాగమతిని చూడబోయెననియు, అది విని తండ్రి భయపడి వంతెన కట్టించెననియు చెప్పుదురు. కథ సొగసైనదే. కాని యువరాజు 1565 ప్రాంతమున జన్మించెను. వంతెన పూర్తియగునాటికి అతడు 13 ఏండ్ల బాలుడు. పని మొదలుపెట్టిననాటికి ఇంకను పసివాడు. బండ్లబాటయే దీనికి అసలు కారణమనుట యుక్తము.

ఇబ్రహీం పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. మన కవులు అతనిని మల్కిభరాముడని ముద్దుగ పిలుచుకొనిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. తరువాతి శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఈ వంతెనను చూచి, అందమున ఇది పారిస్ నగరపు పేరుమోసిన వంతెనకు ఇంచుమించు తీసిపోదని వ్రాసెను. అట్టి వంతెనపై చిరకాలముగ కూరగాయల అంగళ్లు వెలసియున్నవి. అచట వంకాయలు బేరమాడువారిలో కాలిక్రింది రాతి వయస్సు నెరిగినవారెందరో!

వంతెన దక్షిణపు కొసన ఒక ద్వారమున్నది. మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాన్ మొదలిడగా, మొదటి నిజాం పూర్తిచేసిన నగరప్రాకారమునకు పదికి మించి ద్వారము లుండెడివి. నేడు నిలిచియున్నవి ఇదియు, దబీర్‌పురా ద్వారమును మాత్రమే. యాకుత్‌పురా, అలియాబాదు మొదలగు తక్కిన ద్వారములు పేటల పేర్లుగనే మిగిలినవి.

ఇక చార్మినారు కడనుండి ఉత్తరముగ నడచినచో, నాలుగు కమానుల నడుమ గుల్జార్‌హౌజ్ అను నీటికుండము తగులును. దానిని దాటి పత్తర్‌గట్టి అంగళ్లవైపు పోయి, వీధినుండి కొంచెము లోపలికి మరలినయెడల బాద్షాహీ ఆషుర్‌ఖానా కనబడును. మొహరం దినములలో ఇమాం హుసేను మరణమును స్మరించుచు పీర్లను నిలుపు మందిరమునకు ఆషుర్‌ఖానా యని పేరు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీనిని కట్టించెను. 1611లో దీని గోడలకు రంగుపలకల పని పూర్తియైనది.

ఆ పని యెట్టిదో తెలిసికొనదగును. ఒక్కొక్క రంగునకు వేరువేరుగ పలకలను కాల్చుదురు. వానిని చిత్రమునకు కావలసిన ఆకారములలో ముక్కలుగ కోసి, అతుకు కనబడకుండ గోడపై కూర్చుదురు. పలకమీది వన్నె పైపూత కాదు; బట్టీవేడిమికి కరగి, గాజుగ మారి, మట్టితో ఏకమైన పొర. అందుచేతనే అచటి నీలము, ఆకుపచ్చ, ఆవపసుపు వన్నెలు 400 ఏండ్లు గడచినను మెరయుచున్నవి.

1687లో మొగలులు గోలకొండను జయించిన పిమ్మట ఈ మందిరము బండ్లు నిలుపు కొట్టముగ మారెను. నిజాం అలీఖాన్ కాలమున దీనికి మరల పూర్వపు గౌరవము లభించెను. మీరు అచటికి పోయినపుడు గోడల క్రిందిభాగమును పరికింపుడు. పైన పలకలు నిగనిగలాడుచుండగా క్రింద కొంతమేర వన్నె మాసి కనబడును. నీటిలో నాని ఊడిపోయిన పలకల స్థానమును గచ్చుతో పూడ్చి, పైన రంగు వేసిన గుర్తు అది. కూర్చిన పనికిని, పూసిన పనికిని గల భేదము ఒక్క గోడమీదనే తెలియును.

ఆ నీరు 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన మూసీ వరద. ఆనాడు మరణించినవారు 15,000 వరకు ఉందురని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొనెను. క్రొత్త వంతెనలు దెబ్బతిన్నను పురానాపూల్ నిలిచెను. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నగరమునకు ఎగువన రెండు జలాశయములు నిర్మించిరి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. నేడు వేసవిలో పురానాపూల్‌పై నిలిచి, క్రింది సన్నని పాయను చూచి, ఇంతటి వంతెన యెందులకని యడుగువారికి ఈ వరదయే సమాధానము.

ఆషుర్‌ఖానానుండి మరికొంత ఉత్తరముగ పోయి నది దాటినయెడల ఉస్మానియా ఆసుపత్రి వచ్చును. ఆ ఆవరణమున నదివైపు ఒక ముదుసలి చింతచెట్టు కలదు. వరదనాడు 150 మంది వరకు దాని కొమ్మలనెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఇప్పటికిని చిగిర్చుచున్నది. సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు దాని నీడను గుమిగూడి, నాటి మృతులను తలచుకొనుచుందురు.