ఇంటిని పట్టి ఉంచే పునాది

పునాది ఇంటి భారాన్ని మోస్తుందని అందరికీ తెలుసు. నల్లరేగడి నేలలో అది ఇల్లు పైకి లేవకుండా పట్టి ఉంచవలసి కూడా వస్తుంది. దక్కను పీఠభూమిలో విస్తరించిన ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. బరువు తక్కువైన చిన్న ఇండ్లనే అది సులభంగా ఎత్తుతుంది. గోడలు బీటలు వారుతాయి.

ఇందుకు పరిష్కారంగా, అడుగుభాగాన బుడిపెగల కాంక్రీటు పైలును రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ మన నేలలకు అనువుగా తీర్చిదిద్దినది. భారతీయ ప్రమాణం ప్రకారం ఇట్టి లోతైన నేలల్లో పైలు కనీసం 3.5 మీటర్లు దిగాలి. తేమ అంతగా మారని ఆ లోతులో, కాండం వ్యాసానికి సాధారణంగా 2.5 రెట్లుండే బుడిపె లంగరు వలె పనిచేస్తుంది. దాని మీది మట్టి పైలును లేవనీయదు. లోపలి ఉక్కు కడ్డీలు లాగుడుకు కాంక్రీటు తెగకుండా కాపాడతాయి. పైళ్ళను కలిపే దూలం క్రింద మాత్రం ఖాళీ విడవాలి. లేనిచో ఉబ్బిన మట్టి దూలాన్నే ఎత్తుతుంది.