మురుగునీటిని లెక్కకట్టే చదువు

ఇంటర్ ఎంపీసీ అయ్యాక బ్రాంచీల జాబితా చూస్తుంటే ‘ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్’ దగ్గర చాలామంది కళ్లు ఆగుతాయి. చెట్లు, పులులు, బీచ్‌లో ప్లాస్టిక్ ఏరే కుర్రాళ్లు మనసులో మెదులుతారు. తీరా చేరాక చేతికొచ్చేది మురుగునీటి సీసా, కాలిక్యులేటరు.

ఈ చదువు సారం తెలియాలంటే లక్ష జనాభా ఉన్న ఒక పట్టణాన్ని ఊహించుకోండి. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. ఆ లెక్కన ఊరికి రోజూ కోటీ 35 లక్షల లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం, అంటే కోటీ 8 లక్షల లీటర్లు, మురుగై బయటికొస్తాయి. పైపు ఎంత లావుండాలి, ఎంత వాలులో వేస్తే మడ్డి పేరుకోకుండా పారుతుంది, తొట్టిలో నీరు ఎన్ని గంటలు నిలవాలి అన్న ప్రశ్నలన్నీ ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి. లోపలికి ఎంత వచ్చింది, ఎంత పోయింది, మధ్యలో ఎంత మారింది అని ఇంటి జమాఖర్చు రాసినట్టే రాయాలి. నదికైనా, చెరువుకైనా, ఊరి గాలికైనా పద్దు ఇదే.

ఇక ల్యాబ్. అక్కడ ప్రతి విద్యార్థీ చేసి తీరే పరీక్ష బీఓడీ. మురుగులోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి. తినేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఎంత వాడుకున్నాయో కొలిస్తే నీరు ఎంత చెడిందో తెలుస్తుంది. చిక్కల్లా ఒక్కటే: 27 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే. ఇళ్ల మురుగుకు లీటరుకు 250 దాకా కావాలి. అందుకే మురుగును మంచినీటితో 50 రెట్లు పలుచన చేసి, సీసాల్లో పోసి, గాలి చొరకుండా మూత బిగించి, ఇంక్యుబేటర్ అనే పెట్టెలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చీకట్లో ఉంచుతారు. మొదట 7.8 ఉన్న ఆక్సిజన్ చివరికి 2.8కి పడిపోయిందనుకోండి. తేడా 5, దాన్ని 50తో గుణిస్తే 250. (చల్లని దేశాల్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచుతారు. మన వాతావరణానికి తగ్గట్టు ఇక్కడ మార్చుకున్నారు.) శుద్ధి చేశాక నదిలోకి వదిలే నీటిలో ఇది 30 దాటకూడదన్నది పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని సాధారణ ప్రమాణం. ఆ 250ని 30కి దించడమే శుద్ధి కేంద్రం కట్టే ఇంజినీరు పని.

దించేది యంత్రాలనుకుంటాం గానీ అసలు కూలీలు ఆ సూక్ష్మజీవులే. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి ఊది, అడుగున చేరిన బురదను పారబోయకుండా మళ్లీ మళ్లీ వాడి చూశారు. బాక్టీరియా నిండిన ఆ బురద మురుగును కొద్ది గంటల్లోనే తేటపరిచింది. ఇవాళ్టి మురుగుశుద్ధి కేంద్రాల్లో చాలావాటికి మూలం అదే. కాబట్టి ఇంటర్‌లో కెమిస్ట్రీ అంటే పారిపోయినవారు ఇక్కడ ఇబ్బంది పడతారు. బయాలజీ కూడా కొంత కొత్తగా నేర్చుకోక తప్పదు.

ఈ చదువు పాఠ్యపుస్తకాల్లో మన తెలుగు జిల్లా పేరొకటి ఉంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతిని ‘నల్లగొండ టెక్నిక్’ అంటారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, నెమ్మదిగా తిప్పి, తేరనిచ్చి వడకడతారు. ఖర్చు తక్కువ, వస్తువులు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పట్టొచ్చు. ఎంత వేయాలన్నది ఒక్కో బోరుకు ఒక్కో రకం. రోజూ వేసే మనిషి కావాలి, మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. చివరికి ఆ జిల్లా ఊళ్లకు ఊరట కృష్ణా నీళ్లు పైపుల్లో రావడం వల్లే దొరికింది. నా దృష్టిలో ఈ రెంటినీ కలిపి చెప్పడమే మంచి పాఠం. నీటిని శుద్ధి చేయాలా, నీటి వనరునే మార్చాలా అన్నది తేల్చుకోవడం కూడా ఇంజినీరింగే.

గాలి, చెత్త, శబ్దం మీదా పేపర్లుంటాయి. పొగగొట్టం ఎత్తు, గాలి వేగం వంటివి తెలిస్తే నేలమీద ఎంత దూరాన ఎంత కాలుష్యం పడుతుందో లెక్కగడతారు. 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం కూడా చదివిస్తారు.

ఎక్కడ చదవాలి? బీటెక్‌లోనే ఈ బ్రాంచి ఉన్న కాలేజీలు దేశంలో కొద్ది. ధన్‌బాద్ ఐఐటీ, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ వాటిలో ఉన్నాయి. ఎక్కువమంది సివిల్ లేదా కెమికల్ బీటెక్ చేసి, ఎంటెక్‌లో ఇటు మళ్లుతారు. 2021 నుంచి గేట్‌లో దీనికి విడిగా పేపరు కూడా ఉంది. మనవాళ్లకు నేను చెప్పేది రెండో దారే. కాలుష్య నియంత్రణ మండళ్లలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు పోస్టులున్నా అవి ఎప్పుడో గాని పడవు. సివిల్ డిగ్రీ చేతిలో ఉంటే పురపాలక, గ్రామీణ నీటి సరఫరా శాఖల తలుపులూ తెరిచే ఉంటాయి. ప్రైవేటులో మందుల కంపెనీలు, శుద్ధి కేంద్రాలు కట్టే సంస్థలు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు ఉద్యోగాలిస్తాయి. అయితే మొదటి జీతం సాఫ్ట్‌వేరుతో పోటీపడుతుందని ఆశపెట్టుకోవద్దు.

కాలేజీ ఎంచుకునేముందు వెబ్‌సైట్‌లోని ఫొటోలు చూసి ఊరుకోకండి. ఒకసారి వెళ్లి ల్యాబ్ చూపించమనండి. బీఓడీ ఇంక్యుబేటర్ ఆన్‌లో ఉందా, లోపల ఈ వారం పెట్టిన సీసాలున్నాయా అని చూడండి. అది దుమ్ముపట్టి ఉంటే ఆ సీటు తీసుకోకండి.