నిద్రపోని ల్యాప్‌టాప్

ఎండాకాలం మధ్యాహ్నం కైకలూరు పక్క పల్లెలో కరెంటు పోతే, చేపల చెరువు మేత లెక్కలు చూసుకునే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి. తాడేపల్లిగూడెం నిట్‌లో లినక్స్ వేసుకున్న విద్యార్థికీ అదే అవసరం. బ్యాటరీ పెద్దదైతే చాలదు. పనిలేని భాగాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ ఎంత బాగా నిద్రపుచ్చుతుందన్నది కూడా ముఖ్యమే.

మొదట్లో ఆ పెత్తనం చాలావరకు తయారీదారు యంత్రంలోనే పెట్టి ఇచ్చే బయాస్ ప్రోగ్రాముది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతి అలాంటిది. 1996 డిసెంబరులో తోషిబా కూడా కలిసి ఏసీపీఐ ప్రమాణాన్ని తెచ్చాక పెత్తనం కెర్నల్‌కు వచ్చింది. కానీ ఏ భాగాన్ని ఎలా పడుకోబెట్టాలో చెప్పే పట్టికలు రాసేది ల్యాప్‌టాప్ తయారీదారే. విండోస్‌లో పనిచేస్తే చాలనుకుని అమ్మేసినవాళ్లు ఎందరో. లినక్స్ కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

పని ఉన్నా లేకున్నా టైమరు ప్రాసెసర్‌ను సెకనుకు వందలసార్లు, కొన్ని అమరికల్లో 1,000 సార్లు తట్టి లేపేది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన లినక్స్ 2.6.21 కెర్నల్ 32 బిట్ పీసీల్లో ఆ అలవాటు మాన్పించింది. అదే ఏడాది ఇంటెల్ నుంచి వచ్చిన పవర్‌టాప్, ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు నిద్ర చెడగొడుతోందో తెర మీద చూపించింది.

అసలు చిక్కు 2011లో వచ్చింది. వైఫై, గ్రాఫిక్స్ వంటి కార్డులు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్. సమాచారం పారనప్పుడు ఆ దారిని తక్కువ కరెంటు స్థితికి దించే ఏర్పాటే ఏఎస్‌పీఎం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయాస్ "ఇక్కడ ఏఎస్‌పీఎం లేదు" అని పట్టికలో రాస్తూనే, కొన్ని భాగాలకు దాన్ని ఆన్ చేసి ఉంచేది. మార్చిలో వచ్చిన 2.6.38 కెర్నల్ ఆ రాతను నమ్మి, నడుస్తున్నదాన్ని కూడా ఆపేసింది. ఏలూరు కాలువ మీద లస్కరుకు "ఈ తూములు నీ అధీనంలో లేవు" అని కాగితం వస్తే, అతను వెళ్లి దించి ఉన్న తలుపులన్నీ ఎత్తేసినట్టయింది. బ్యాటరీలు త్వరగా ఖాళీ అయ్యాయి.

పాత్రికేయుడు మైఖేల్ లారబెల్ వాట్లు కొలిచే మీటరు పెట్టి, కెర్నల్ మార్పులను ఒక్కొక్కటిగా జల్లెడపట్టి దోషిని పట్టుకున్నారు. బూట్ అయ్యేటప్పుడు ఏఎస్‌పీఎంను బలవంతంగా ఆన్ చేయించే ఆప్షన్ ఒకటి ఉన్నా, దానితో కొన్ని యంత్రాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

పరిష్కారం మాథ్యూ గారెట్ నుంచి వచ్చింది. ఈగల జన్యువుల మీద కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసి, అప్పటికి రెడ్‌హ్యాట్‌లో ఉన్న ఆయనే 2.6.38లోని ఆ మార్పు కూడా రాశారు. విండోస్ విస్టా గురించి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక ప్రెజెంటేషన్ చదివాక ఆయనకు అసలు సంగతి తట్టింది. బయాస్ అధికారం అప్పగించకపోతే విండోస్ ఆ అమరికల జోలికే వెళ్లదు. లినక్స్ కూడా బయాస్ పెట్టినది పెట్టినట్టే వదిలేయాలని 2011 నవంబరులో కోడ్ మార్చారు. తన పాత నిర్ణయం పొరపాటేమోనని ఆ మార్పుతో పాటే రాసిపెట్టారు. వాట్లు ఆదా చేసిన కోడ్ ఎంత విలువైనదో, నాకైతే ఆ మాటలూ అంతే విలువైనవి.

2012 మార్చిలో 3.3 కెర్నల్‌తో ఆ మార్పు అందరికీ చేరింది. ఉబుంటు అంతదాకా ఆగకుండా, 12.04 విడుదల కోసం తను ఎంచుకున్న పాత 3.2 కెర్నల్‌కే ఆ ప్యాచ్ అతికించుకుంది.