తెలంగాణ సాయుధ పోరాట నవలలు: రచనాకాలం, కథాకాలం, కథ ఆగిన చోటు

వ్యాససంగ్రహం:
తెలంగాణ సాయుధ పోరాటం (1946–1951) నేపథ్యంగా తెలుగులో వెలువడిన నవలలను చరిత్రకు సాక్ష్యాలుగా ఉదాహరించడం మన పరిశోధనల్లో పరిపాటి. ఆ నవల ఎప్పుడు రాయబడింది, రచయిత కథను ఏ సంవత్సరం దగ్గర ఆపాడు అన్న రెండు ప్రశ్నలను ముందుంచుకొని చదివితే అవే నవలలు ఎలా భిన్నంగా కనిపిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చారిత్రక నవల, తెలంగాణ సాయుధ పోరాటం, రచనాకాలం, వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య, మౌఖిక చరిత్ర.

1. సమస్య

చారిత్రక సంఘర్షణను చిత్రించిన నవలపై సిద్ధాంతవ్యాసం రాసేవారు సాధారణంగా రెండు పనులు చేస్తారు. నవలలోని సంఘటనకు చరిత్ర గ్రంథాల్లో సమాంతరం వెతికి, దొరికితే రచయిత వాస్తవికతను ప్రశంసించడం మొదటిది. వెట్టిచాకిరి, దేశ్‌ముఖుల దౌర్జన్యం, రజాకార్ల దాడులు, స్త్రీల స్థితిగతులు అని శీర్షికలు ఏర్పరచి, వాటి కింద కథను ముక్కలు చేసి తిరిగి చెప్పడం రెండవది. మొదటి పద్ధతిలో నవల చరిత్రకు నకలు ప్రతి అవుతుంది. రెండవ పద్ధతిలో నవలే మాయమవుతుంది. వెట్టి ఎంత క్రూరమైనదో తెలుసుకోవడమే లక్ష్యమైతే నాటి పరిపాలనా నివేదికలు, నాయకుల స్మృతులు చాలు, నవల చదవనక్కరలేదు. నవల మాత్రమే చెప్పగలిగినది ఏమిటన్నదే పరిశోధకుడి ప్రశ్న కావాలి.

సంఘటనలు జరిగిన కాలానికీ వాటిని రాసిన కాలానికీ మధ్య ఉన్న దూరంలో ఆ ప్రశ్నకు కొంత సమాధానం ఉంది. తెలంగాణ పోరాట నవలల్లో ఈ దూరం ఒక్కో రచనలో ఒక్కో విధంగా ఉంది.

2. దూరపువారు ముందు, దగ్గరివారు తర్వాత

పోరాట క్రమం సుపరిచితమే. 1946 జూలై 4న జనగామ తాలూకా కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనిక చర్య అయిదు రోజుల్లో నిజాం పాలనకు ముగింపు పలికింది. కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించింది. ఈ మూడు తేదీల పక్కన నవలల ప్రచురణ సంవత్సరాలను ఉంచి చూడాలి.

బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ 1947లో, అంటే పోరాటం మధ్యలోనే వచ్చింది. రచయిత గుంటూరు జిల్లావారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ నాటకం కూడా ఆ ఏడాదిదే. వారూ ఆంధ్ర ప్రాంతంవారే. పోరాటం ముగిసిన కొద్దికాలానికే కృష్ణచందర్ ఉర్దూలో ‘జబ్ ఖేత్ జాగే’ రాశారు. తర్వాత గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చలనచిత్రానికి ఆధారం ఈ ఉర్దూ నవలే గాని, తెలుగు నాటకం కాదు. పేరు ఒకటే కావడంతో విద్యార్థులు ఈ రెండింటినీ తరచు కలిపేస్తుంటారు. మహీధర రామమోహనరావు ‘ఓనమాలు’, ‘మృత్యువు నీడల్లో’ కూడా కోస్తా నుంచి వచ్చినవే.

పోరాట భూమిలో పుట్టి, జైళ్ళు చూసిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ వెలువడింది మాత్రం 1955లో. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ 1969లో, ‘మోదుగుపూలు’ ఆ తర్వాత వచ్చాయి. దూరాన ఉన్నవారు వెంటనే రాశారు. దగ్గర ఉన్నవారు ఆలస్యంగా రాశారు. దీనికి భౌతిక కారణాలు లేకపోలేదు. విజయవాడలో వామపక్షానికి అచ్చు వసతీ, పుస్తకాలను ఊరూరా చేర్చే యంత్రాంగమూ ఉన్నాయి. నిజాం రాజ్యంలో సభ జరపడానికే గస్తీ నిషాన్ 53 అడ్డుపడేది. 1938 నుంచే దేశోద్ధారక గ్రంథమాల నడిపి, ఇంటింటికీ పుస్తకాలు మోసిన ఆళ్వారుస్వామికి అచ్చు విలువ తెలియదనలేం. ఆయనకు లేనిది వ్యవధి.

అయితే ఈ కాలభేదం వసతులతో తీరేది కాదు. 1947లో రాస్తున్న రచయితకు పోరాటం ఎలా ముగుస్తుందో తెలియదు. సైనిక చర్య వస్తుందనీ, ఆ తర్వాత తుపాకులు అప్పగించవలసి వస్తుందనీ అతని ఊహలో లేదు. కనుక ‘మృత్యుంజయులు’ వంటి రచనలో కనిపించే ఆశావాదాన్ని అతిశయోక్తిగానో ప్రచారంగానో తోసిపుచ్చడం తొందరపాటు. అది ఫలితం తెలియని వర్తమానంలో, మద్దతు కూడగట్టడానికి రాసిన నవల. సాహిత్య విలువ తక్కువని తీర్పు చెప్పవచ్చు, ఆ తీర్పుతో నాకూ పేచీ లేదు. కాని 1955 నవలను కొలిచే కొలబద్దతో 1947 నవలను కొలిచి ఆ తీర్పు చెప్పకూడదు.

1955 నాటి ఆళ్వారుస్వామికి అన్నీ తెలుసు. విజయం, విరమణ, పార్టీలోని చీలికలు, 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నల్లగొండ ప్రజలిచ్చిన ఘన విజయం, అన్నీ ఆయన కళ్ళముందు జరిగాయి. అయినా ఆయన నవల తుపాకీ దాకా రాదు. దిమ్మెగూడెం గ్రామం, దేశ్‌ముఖ్ రామభూపాల్‌రావు, అతణ్ణి ఎదిరించే కంఠీరవం, మతమార్పిడుల ఉద్రిక్తత, ఆంధ్రమహాసభ చైతన్యం – ఇవీ ఆ నవలలోని విషయాలు. కథ సాయుధ పోరాటానికి ముందరి కాలంలోనే నిలిచిపోతుంది. తర్వాతి కాలాన్ని ‘గంగు’లో కొనసాగించబోయి, అది పూర్తికాకముందే 1961లో ఆయన కన్నుమూశారు.

దీన్ని కేవలం కాలక్రమ పథకంగా భావించడం ఒక పద్ధతి. కాని పోరాటం విరమించిన నాలుగేళ్ళకే, దాన్ని విదేశీ ప్రేరిత కుట్రగా చిత్రించే వాదం బలంగా ఉన్న రోజుల్లో, ఒక రచయిత పోరాటాన్ని వదిలి దాని కారణాలను రాశాడంటే ఆ ఎంపికలో ఒక వాదం ఉంది. ఆయుధం పట్టకముందు ఆ ప్రజలు విజ్ఞప్తి చేశారు, సభ పెట్టారు, గ్రంథాలయం నడిపారు, అవేవీ ఫలించలేదు. ఇది ‘ప్రజల మనిషి’ ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. కథాకాలాన్ని ఎంచుకొన్న తీరే దీన్ని చెబుతుంది.

3. సారంగపాణి ఎందుకు రావాలి?

‘చిల్లర దేవుళ్ళు’ నవలను తెరిస్తే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. కథ తెలంగాణ పల్లెది, గడీది. రచయిత పోరాటంలో పాల్గొన్న తెలంగాణవాసి. అయినా ఆ గ్రామాన్ని మనకు చూపించే పాత్ర ఆంధ్ర ప్రాంతం నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన గాయకుడు. దొర ఆశ్రయం ఇచ్చాడు కనుక అతను గడీ లోపల ఉంటాడు. ఆ ఊరివాడు కాడు కనుక అక్కడి ప్రతి ఆచారమూ అతనికి వింతగానే కనిపిస్తుంది. ఊరివారికి నిత్యకృత్యమైన వెట్టి అతనికి దిగ్భ్రమ కలిగిస్తుంది. దొర కూతురు మంజరి, ఆడబాప వనజ ఒకే కప్పు కింద రెండు లోకాల్లో బతకడం ఆ ఇంటివారికి ప్రశ్నే కాదు. చూసేవాడు బయటివాడైనప్పుడు అది ప్రశ్న అవుతుంది.

జార్జ్ లూకాచ్ 1930లలో చారిత్రక నవల మీద రాసిన గ్రంథంలో వాల్టర్ స్కాట్ కథానాయకులను గురించి చేసిన పరిశీలన ఇక్కడ పనికి వస్తుంది. స్కాట్ నాయకులు మహావీరులు కారు, మధ్యస్థులు. ఏ పక్షానికీ పూర్తిగా చెందక, రెండు పక్షాల మధ్యా రాకపోకలు సాగించగలిగినవారు. ‘వేవర్లీ’ (1814)లో ఇంగ్లండు యువకుడు స్కాట్లండు కొండల్లోకి వెళ్ళి 1745 నాటి తిరుగుబాటును చూస్తాడు. సారంగపాణి ఆ కోవకు చెందిన పాత్ర. సంఘర్షణలో ఉన్న రెండు పక్షాలూ ఎదురెదురుగా మాట్లాడుకోలేని వ్యవస్థలో, రెండు చోట్లకూ వెళ్ళగల మనిషి కథకు కావలసి వచ్చాడు.

కాని పోలిక ఇక్కడితో ఆగిపోతే అది మనం తరచు చేసే పొరపాటే: పాశ్చాత్య సిద్ధాంతాన్ని తెలుగు నవలకు తొడిగి, సరిపోయిందని సంతోషించడం. సరిపోనిది కూడా చూడాలి. స్కాట్ తన నవలకు పెట్టిన ఉపశీర్షికలోనే అరవై ఏళ్ళ దూరం ప్రకటించుకొన్నాడు; అతని పాఠకులకు ఆ తిరుగుబాటు మానిన గాయం. రంగాచార్య రాస్తున్నది తన యౌవనాన్ని గురించి. పైగా ‘చిల్లర దేవుళ్ళు’ వెలువడిన 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచిన సంవత్సరం. ఆంధ్ర నుంచి తెలంగాణకు వచ్చిన ఒక మనిషి, ఇక్కడి భాషనూ బతుకునూ తెలుసుకొంటూ, గడీ అన్యాయానికి కలత చెందే కథ ఆ ఏడాది పాఠకుడి చేతికి అందింది. రచయిత ఉద్యమానికి జవాబుగా ఈ పాత్రను సృష్టించాడని నేననడం లేదు. పాత్ర కల్పన అంతకు ముందటిది కావచ్చు. పాఠకుడు మాత్రం 1969లోనే ఉన్నాడు. నాటి పాఠకుల్లో కొందరికి సారంగపాణి ఐక్యతకు గుర్తుగానూ, మరికొందరికి తెలంగాణను చూడడానికి బయటి కన్ను ఎందుకన్న ప్రశ్నగానూ కనిపించే అవకాశం ఉంది. 2014 తర్వాత చదివే విద్యార్థికి ఈ రెండవ ప్రశ్నే ముందు తడుతుంది. నవలపై వచ్చిన సమీక్షలను ప్రచురణ కాలాల వారీగా సేకరిస్తే ఈ గ్రహణ చరిత్ర మీదే ఒక సిద్ధాంతవ్యాసం రాయవచ్చు.

4. 1948లో ఆగడం, 1951లో ఆగడం

సైనిక చర్యతో రజాకార్ల పీడ విరగడయింది. ఆ తర్వాత మూడేళ్ళు పోరాటం భారత సైన్యానికి, పోలీసులకు ఎదురుగా నడిచింది. ఈ మూడేళ్ళ విషయంలో పోరాట నాయకత్వంలోనే ఏకాభిప్రాయం లేదు. సైనిక చర్య తర్వాత పోరాటాన్ని కొనసాగించడం పొరపాటని రావి నారాయణరెడ్డి భావించారు. సాధించుకొన్న భూమిని నిలుపుకోవడానికి కొనసాగింపు అవసరమైందని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో సమర్థించారు.

ఈ వివాదం తెలిసిన పరిశోధకుడికి నవల ముగింపు కేవలం కథన విషయం కాదు. 1948 సెప్టెంబరులో కథ ముగిస్తే అది నిరంకుశ రాజరికంపై ప్రజల విజయగాథ అవుతుంది. శత్రువు నిజాం, దేశ్‌ముఖ్, రజాకార్. 1951 దాకా తీసుకొని వెళితే గడీలు విడిచి పట్నం చేరిన దొరలు ఖద్దరు తొడుక్కొని తిరిగి రావడం రాయవలసి వస్తుంది. శత్రువు ఎవరో చెప్పడం కష్టమవుతుంది. రంగాచార్య ఈ కష్టాన్ని తప్పించుకోలేదు. ‘మోదుగుపూలు’ కథ సైనిక చర్య దాకా నడిస్తే, ఆ తర్వాతి గ్రామాన్ని ఆయన ‘జనపదం’లో విడిగా తీసుకొన్నారు. రెండింటినీ వేర్వేరు నవలలుగా రాయడం వల్ల 1948 ఒక సరిహద్దుగా మిగిలిందన్నది నిజం. ఆ సరిహద్దు దాటి చూశారన్నదీ నిజం. అంపశయ్య నవీన్ ‘కాలరేఖలు’ మొదలుగా రాసిన నవలాత్రయం ఈ సరిహద్దును ఇంకో రకంగా చెరిపివేసింది. అక్కడ పోరాటం ఒక జీవితపు తొలి దశ మాత్రమే. దశాబ్దాలు కథలోనే గడుస్తాయి. ఆ తొలి నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

1948 విషయంలో ఇంకో మౌనం గురించి కూడా ఇటీవల ప్రశ్నలు వస్తున్నాయి. సైనిక చర్య అనంతరం ముస్లింలపై జరిగిన హింసను విచారించిన పండిట్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. తెలుగు నవల దీన్ని ఎందుకు పట్టించుకోలేదన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ హింస అత్యంత తీవ్రంగా ఉన్నది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో, అంటే మరాఠీ, కన్నడ ప్రాంతాల్లో. తెలుగు రచయితల మౌనాన్ని నిర్ధారించే ముందు ఈ భౌగోళిక వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నిజాం రాజ్యంపై రాసిన ఉర్దూ, మరాఠీ, కన్నడ నవలలతో తులనాత్మక పరిశీలన జరిగితే తప్ప ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

5. మాటల అవసరం

ఈ నవలలు చదివే నేటి విద్యార్థికి కథ కంటే మాటలే అడ్డుపడతాయి. నాగు, లెవీ, గస్తీ, బంచరాయి, మక్తా, హాలీ సిక్కా వంటి మాటలకు ‘దోపిడీ విధానాలు’ అని ఒక్క అర్థం చెప్పి ముందుకు పోతున్నాం. ధాన్యం అప్పిచ్చి ధాన్యమే వడ్డీగా వసూలు చేసే నాగుకూ, యుద్ధకాలంలో ప్రభుత్వం రైతు నుంచి నిర్బంధంగా ధాన్యం సేకరించిన లెవీకీ చాలా తేడా ఉంది. మొదటిదానిలో దొర ఎదురుగా ఉంటాడు. రెండవదానిలో దొర ప్రభుత్వం వెనక నిలబడతాడు. పాత్రల కోపం ఎవరి మీదికి మళ్ళుతుందో ఈ తేడా తెలిస్తేనే అర్థమవుతుంది. ధరలు కనిపించిన చోట అది హైదరాబాదు హాలీ రూపాయా, బ్రిటిష్ ఇండియా కల్దారా అన్నది కూడా చూసుకోవాలి.

6. నవలకు అందని గొంతులు

స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాల సంపుటి. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి ప్రసిద్ధులతో పాటు చరిత్ర పుస్తకాలకెక్కని స్త్రీలూ అందులో మాట్లాడారు. దీన్ని నవలల పక్కన ఉంచితే రెండు ప్రక్రియలకూ ఉన్న హద్దులు బయటపడతాయి.

నవలల్లో స్త్రీ ప్రధానంగా దౌర్జన్యానికి గురయ్యే మనిషి. ఆడబాప, వెట్టి మనిషి, లేదా నాయకుడి సహచరి. మౌఖిక కథనాల్లో ఆమె నిర్ణయాలు తీసుకొనే మనిషి. అజ్ఞాతవాసంలో బిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి మాటలు అక్కడున్నాయి. పార్టీలో తమకు ఇచ్చిన పనుల గురించి, ఇవ్వని పనుల గురించి ఫిర్యాదులున్నాయి. విరమణ తర్వాత ఇంటికి పొమ్మన్నప్పుడు కలిగిన నిస్పృహ ఉంది. 1951 మగ నాయకులకు ఎన్నికల రాజకీయాల వైపు తిరిగిన మలుపు; ఈ స్త్రీలలో చాలామందికి అది వంటింటికి దారి.

మౌఖిక కథనం వాస్తవం, నవల కల్పన అని గీత గీయడం సులువే గాని సరికాదు. ఆ స్త్రీలు మాట్లాడింది సంఘటనలు జరిగిన మూడు దశాబ్దాల తర్వాత, స్త్రీవాద చైతన్యంతో ప్రశ్నలు అడిగిన తర్వాతి తరానికి జవాబుగా. ‘చిల్లర దేవుళ్ళు’కు 1969 ఎలాంటిదో ఈ కథనాలకు 1980లు అలాంటివి. నవలకు వేసిన ప్రశ్నలనే వీటికీ వేయాలి: ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎక్కడ ఆపారు. అప్పుడే ఆళ్వారుస్వామి చివరి నవల మళ్ళీ చదవవలసిన రచనగా ముందుకు వస్తుంది. తొలి నవలకు ‘ప్రజల మనిషి’ అని పేరు పెట్టిన రచయిత, పోరాటానికి మరింత దగ్గరగా వస్తున్న రెండవ నవలకు ఒక స్త్రీ పేరు పెట్టారు. ఆ స్త్రీని ఎంతదూరం నడిపించదలచుకొన్నారో పుస్తకం చెప్పకుండానే ఆగిపోయింది. ఆగినంత మేరకైనా ‘గంగు’ను ఈ మౌఖిక కథనాలతో కలిపి చదివే పనిని పరిశోధకులు చేపట్టవచ్చు.