పొలం పెట్టెకు బోర్డు చాలా, చిప్పు దాకా పోవాలా?

డిప్లొమానో, ఐటిఐనో చదివిన మీ అబ్బాయి ఆర్డుయినో బోర్డులు తెచ్చి రెండు పెట్టెలు చేశాడనుకోండి. పొలంలో పెట్టింది మట్టి తేమ చూస్తుంది, రేడియోతో కబురు పంపుతుంది. బావి కాడిది మోటారు వేస్తుంది, ఆపుతుంది. ఇంట్లో బల్ల మీద రెండూ బ్రహ్మాండంగా నడుస్తాయి. పొలంలో పెట్టింది మాత్రం రెండో రోజుకే మూగబోతుంది. తప్పు పిల్లవాడిది కాదు.

ఆర్డుయినో 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టింది. ఊనో బోర్డు మీద అసలు పని చేసేది ఏటీమెగా328పి అనే ఒక్క చిప్పే. పక్కనున్న దీపం, రెగ్యులేటర్, యుఎస్‌బి భాగం ఊరికే కరెంటు తింటాయి. మొత్తం సుమారు 50 మిల్లీయాంపులు. 2000 మిల్లీయాంపు-గంటల బ్యాటరీ 40 గంటలకే ఖాళీ. అదే చిప్పును విడిగా పెట్టి నిద్రపుచ్చితే, మామూలుగా ఒక మిల్లీయాంపులో వందో వంతు కూడా తినదు. 8 సెకన్లకోసారి తనే లేస్తుంది. రేడియోకు, తేమ పుల్లలకు కూడా చూసే క్షణంలోనే కరెంటు ఇస్తే బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. పుల్లలు కూడా తొందరగా తుప్పు పట్టవు.

బావి కాడి పెట్టెకు అడాప్టర్ ఉంటుంది కనుక బ్యాటరీ బాధ లేదు. అక్కడ గండం వేరు. 'ఐదు నిమిషాలు ఆగు' అని రాస్తే ఆ ఐదు నిమిషాలూ పెట్టె గుడ్డిదే. ఆలోపు బోరులో నీళ్లు తగ్గి మోటారు గాలి లాగినా చూడదు. వైండింగ్ కాలితే ఖర్చు మనదే. దీనికి ఆర్డుయినోలోనే 'మిల్లిస్' అనే దారి ఉంది, ముందు అది నేర్చుకోమనండి. ప్రోగ్రాం చిక్కుకుపోతే మళ్లీ మొదలుపెట్టించే వాచ్‌డాగ్ టైమరు చిప్పులోనే ఉంటుంది. మళ్లీ మొదలైనప్పుడు రిలే ఆఫ్‌లోనే ఉండాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల ఉచిత కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమన్నది ఊరికే కాదు. ఆపడం తెలియని పెట్టె భూగర్భ జలాన్ని తోడేస్తుంది.

కిందికి దిగడమంటే బోర్డు పారేయడం కాదు. అదే బోర్డు మీద 13వ పిన్ను దీపాన్ని 'డిజిటల్‌రైట్' లేకుండా వెలిగించమనండి. చిప్పులో పోర్ట్‌బి అనే వరుస ఉంటుంది, తూముల వరుస లాంటిదే. అందులో 5వ నంబరు తెరిస్తే దీపం వెలుగుతుంది. తర్వాత టైమరు, ఆ తర్వాత నిద్ర. చిప్పు పుస్తకం వందల పేజీలు, కావలసిన అధ్యాయం చదివితే చాలు. ఇలా రాస్తే పని వేగంగా జరుగుతుందని పిల్లలు మురుస్తారు. మోటారు మైక్రోసెకను ముందు తిరిగితే మడి ఏమీ ముందు తడవదు.

ఒక్క జాగ్రత్త. త్రీఫేజ్ స్టార్టర్లలో చాలావాటి కాయిల్ 415 వోల్టులది. చిన్న రిలేల మీద 250 అనే ఉంటుంది. నేరుగా కలపొద్దు, ఓవర్‌లోడ్ రిలే తీయొద్దు. సికింద్రాబాద్ రాణీగంజ్‌కు స్టార్టరు కోసం వెళ్లినప్పుడు, 230 వోల్టుల కాయిల్ ఉండి, కాంటాక్టులు 415కు తట్టుకునే చిన్న కాంటాక్టర్ కూడా అడగండి. బిగించే పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.