పాత లెన్సు నుదుటి రాత

హోసూరులో మా మామ ఫోటో స్టూడియో మూసేశాక అక్కడి సామాన్లన్నీ తూకానికి వేయబోయారు. వాటిలో ఒక జెనిత్ కెమెరా ఉంది. "ఏమప్పా, ఫిల్ము కడిగేవాడే లేనప్పుడు ఇదెందుకు నీకు?" అన్నాడు మామ. కెమెరా సరే, దాని లెన్సు కోసమే అడిగి తెచ్చుకున్నాను.

లెన్సు ఏదో దాని ముందు అంచు మీది అక్షరాలే చెబుతాయి. దీనిమీద హీలియోస్ 44-2 అనీ, పక్కన 2/58 అనీ ఉంది. కొన్నిటిమీద ఆ పేరు రష్యన్ లిపిలో ఉంటుంది. రెండు లిపుల మధ్య బతికే మనకు అదేం కొత్త కాదు లెండి. 58 అంటే నాభ్యంతరం 58 మిల్లీమీటర్లు. 2 అనేది కంత ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే అంకె. అది ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. వరుస సంఖ్యలో మొదటి రెండు అంకెలు చాలావరకు తయారైన సంవత్సరం. 78 అని మొదలైతే 1978 అన్నమాట. పట్టకంలోంచి కిరణం దూసుకుపోతున్న గుర్తు ఉంటే అది మాస్కో దగ్గరి క్రాస్నోగోర్‌స్క్ కర్మాగారానిది. దీని నమూనా మాత్రం జర్మనీ వారి జైస్ బయోటార్ నుంచి వచ్చింది.

ఇక వెనక వైపు చూడండి. అక్కడ 42 మిల్లీమీటర్ల మర ఉంటుంది. పాత పెంటాక్స్ టకుమార్ లెన్సులకూ ఇదే మర కనుక ఒక్క అడాప్టర్ రింగుతో అన్నీ నేటి మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగుస్తాయి. నికాన్ ఎస్‌ఎల్‌ఆర్‌తోనే చిక్కు. అందులో లెన్సుకూ ఫిల్ముకూ, లేదా సెన్సర్‌కూ, మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, ఈ లెన్సుకు కావలసింది 45.46. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే దూరపు కొండలు మసకబారతాయి.

కెమెరా మెనూలో, లెన్సు లేకపోయినా షట్టరు పడేలా మార్చుకోవాలి. ఫోకస్ చేత్తోనే. హీలియోస్‌కు కంత కోసం రెండు రింగులుంటాయి: ఒకదానితో అంకె నిర్ణయించుకుని, రెండోదాన్ని పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత మూయాలి. తెరిచే ఉంచి తీస్తే వెనకనున్న ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. నాకు అదే ఇష్టం.

కొనేముందు వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూటి పోగుల్లా కనిపిస్తే అది బూజు. ఒక ఆదివారం సంతలో నేను టార్చి లేకుండా 900 రూపాయలు పోసి ఒక లెన్సు కొన్నాను. బూజు అద్దం పైపూతనే తినేసింది. తుడిచినా మచ్చ పోలేదు.

మామ లెన్సు గాజు అలమారాలో ఉండి బతికింది. వానాకాలాలన్నీ తోలు సంచిలోనే గడిపిన దాని జోడు లెన్సు మాత్రం పనికిరాకుండా పోయింది.